మూట మీద కూర్చున్న ఏట్టు

నా రాతను మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా వదలకుండా విన్న మనిషి, మా ఆవిడ కాక, ఇన్నేళ్ళలో ఒక్కడే. అతణ్ణి నాకు ప్రభుత్వం ఇచ్చింది. ఈ ప్రభుత్వాలు సాహిత్యానికి ఏం వెలగబెట్టాయని తోటి రచయితలు సభల్లో వాపోతుంటారు. నేను గొంతు కలపలేను. నాకు తెలుగు అక్షరాలు నేర్పించింది కూడా ప్రభుత్వమే.

తమిళనాట రాజపాళయంలో పుట్టిన తెలుగువాడు తెలుగు మాట్లాడతాడు, తమిళం చదువుతాడు. మా పెద్దలు వందల ఏళ్ళ కిందట ఇటు వచ్చేటప్పుడు నోట్లో భాషను తెచ్చుకున్నారు గాని పలకా బలపం తెచ్చుకోలేదు. పెళ్ళి పత్రికలు తమిళంలోనే వేయిస్తాం, ఉత్తరాలు తమిళంలోనే రాసుకుంటాం. నేనూ అలాగే పెరిగాను. ఇరవై రెండేళ్ళ వయసులో మిల్లు సమ్మె జరిగింది. మా వీధిలో మిల్లు ఉన్నవాళ్ళు, మిల్లులో వాటా ఉన్నవాళ్ళు, వాళ్ళకు చుట్టాలు తప్ప నాలుగో రకం మనిషి లేడు. నేను వెళ్ళి కార్మికుల పక్కన గేటు దగ్గర కూర్చున్నాను. పదకొండు నెలలు జైల్లో పెట్టారు. అక్కడ నెల్లూరు నుంచి వచ్చిన ఖైదీ ఒకాయన అన్నం పళ్ళెం వెనకవైపు బొగ్గుతో నాచేత అఆలు దిద్దించాడు. బయటికి వచ్చేసరికి మావాళ్ళు నన్ను మిల్లు చాయలకు రానివ్వలేదు, కార్మికులు వేరే నాయకుణ్ణి చూసుకున్నారు. చేతిలో అక్షరాలు మాత్రం మిగిలాయి. పొట్టకూటికి టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకుని, మిగతా వేళల్లో రచయితనయ్యాను.

పుస్తకాలు ఆంధ్రాలో అచ్చయ్యేవి. నేను 'వచ్చినాడు' అని రాస్తే అక్కడి ప్రచురణకర్త ఓపిగ్గా 'వచ్చాడు' అని దిద్దేవాడు. కొన్నాళ్ళకు నేనే దిద్దుకోవడం నేర్చుకున్నాను. మా ఊళ్ళో మాత్రం వాటిని చదవగలిగినవాడు లేడు. మా ఆవిడకూ అక్షరాలు రావు. అందుకని పెళ్ళయిన కొత్తలోనే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున నేను రాస్తాను. సాయంత్రం అయిదింటికి ఆవిడ అరుగు మీద చేటలో మునగాకు వేసుకుని కూర్చుంటుంది, నేను ఆ రోజు రాసింది పైకి చదువుతాను. నచ్చకపోతే ఆవిడ ఏమీ అనదు. ఆకు దూయడం మాత్రం వేగంగా సాగుతుంది.

ఇక నా మీద నిఘా ఎందుకు పెట్టారో చెప్పాలి. ఒక మంత్రి ఒకే నీళ్ళ ట్యాంకును మూడుసార్లు ప్రారంభించినట్టు, మూడుసార్లూ జనం అందులో నీళ్ళున్నట్టు చప్పట్లు కొట్టినట్టు ఒక చిన్న నవల రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్ళకు ఆంధ్రాలో ఎవరో దాన్ని సమీక్షించారు. ఆ సమీక్షను ఎవరో తమిళంలోకి మార్చారు. అప్పటికిగాని ప్రభుత్వానికి తనకు అవమానం జరిగిందని తెలియలేదు. నవల ఎవరూ చదవలేదు. చదవకుండానే నన్ను ప్రమాదకరమైన మనిషిగా గుర్తించినందుకు, నిజం చెప్పొద్దూ, లోలోపల పొంగిపోయాను. అరవై తొమ్మిదేళ్ళవాడికి ఆ మాత్రం గుర్తింపు ఎవరిస్తారు?

అలా వచ్చాడు ఏట్టు. మావైపు హెడ్ కానిస్టేబుల్‌ను ఏట్టు అంటారు. సేత్తూరు బస్సు దిగి, చంకలో పొడుగాటి నోటుబుక్కుతో మా గుమ్మం ముందు నిలబడి, "సార్, ఇంగ ఉక్కారలామా?" అని అడిగాడు. ఇక్కడ కూర్చోవచ్చా అని. నిఘా పెట్టడానికి వచ్చినవాడు అనుమతి అడగడం నాకు వింతగా తోచింది. మా ఆవిడ అప్పటికే కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. గుమ్మంలోకి వచ్చినవాడికి కాఫీ ఇవ్వకపోవడం మా ఇంట్లో లేదు, వాడు మనల్ని జైల్లో పెట్టడానికి వచ్చినా సరే.

అప్పటినుంచి ఎనిమిదేళ్ళు సాయంత్రాలు అతను మా అరుగు మీదే. మాతో తమిళంలో రెండు ముక్కలు మాట్లాడేవాడు, నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకునేవాడు. ఒకసారి నాకే చూపించాడు. 'పొద్దున రాశారు. సాయంత్రం భార్యకు చదివి వినిపించారు. భాష తెలియదు.' ప్రతి పేజీలోనూ అదే. ఒక తేదీకీ ఇంకో తేదీకీ తేడా లేదు. నా విప్లవ జీవితం ఇంత చప్పగా ఉందా అని రెండు రోజులు మనసు బాగాలేదు.

ఇక్కడ మా ఊరివాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మాకు తెలుగు ఇంటి తలుపులాంటిది. బయట తమిళం, లోపల తెలుగు. బట్టల కొట్లో కొట్టువాడి ముందే చీర నాసిరకమని తెలుగులో చెప్పుకుంటాం. డాక్టరు ముందు డాక్టరుకు ఏమీ తెలియదని చెప్పుకుంటాం. ఎదుటివాడికి అర్థం కాదని మా ధీమా. చుట్టూ సేత్తూరులో, మంసాపురంలో, ఇంకా ఎన్నో ఊళ్ళలో మాలాగే వందల ఏళ్ళ కిందట వచ్చి ఇళ్ళలో తెలుగే మాట్లాడుకునే రైతు కుటుంబాలు ఉన్నాయని మాకు తెలియదా? తెలుసు. కానీ వాళ్ళది సేద్యం తెలుగు, మాది తెలుగు. వాళ్ళను లెక్కలోకి తీసుకోం. సమ్మెలో కార్మికుల పక్కన కూర్చుని వచ్చిన నాకు కూడా ఈ పొగరు పోలేదని అప్పట్లో తెలియదు.

అందుకని ఏట్టు ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. అన్నీ అంటే అన్నీ.

"ఈయప్ప మళ్ళీ వచ్చినాడు చూడండి. ఇంట్లో పెండ్లాం కాపీ ఇయ్యదు మాదిరి ఉండాది" అనేది మా ఆవిడ, అతని చేతికి గ్లాసు అందిస్తూ, చిరునవ్వుతో.

"పొట్ట చూసినావా? ఆ చొక్కా గుండీ ఎప్పుడో తెగి నా కంట్లో పడతాది" అనేవాణ్ణి నేను.

ఏట్టు కాఫీ ఊదుకుని తాగేవాడు. "నల్లా ఇరుక్కుమ్మా" అని మెచ్చుకునేవాడు.

అతణ్ణి చూసే నాకు కొత్త నవల తట్టింది. ఒక ముసలి తిరుగుబాటు రచయిత, అతని అరుగు మీద ఒక పోలీసు. రచయిత ఎవరో చెప్పక్కర్లేదు. నాకంటే నాలుగు అంగుళాలు పొడుగు పెట్టాను, జుట్టు ఊడకుండా చూసుకున్నాను, ఒక్క భయం కూడా లేకుండా చేశాను. పోలీసును మాత్రం ఉన్నవాణ్ణి ఉన్నట్టే దించాను, బుర్ర ఒక్కటి తీసేసి. ప్రభుత్వం ఎంత మొద్దుదో ఆ ఒక్క పాత్రతో చెప్పేయాలని నా పట్టుదల. ఇదే నా ఆఖరి పుస్తకమని నాకు తెలుసు. చేతివేళ్ళు అప్పటికే బిగుసుకుపోతున్నాయి, పేజీ రాయడానికి పూట పట్టేది. నకలు లేదు. ఉన్నది ఆరు నోటుబుక్కులు, అంతే.

నవల సగంలో ఉండగా ఒక సాయంత్రం ఏట్టు లేస్తూ లేస్తూ తమిళంలో, "రేపు పదింటికి ఇంట్లోనే ఉంటారుగా సార్? పెద్ద ఆఫీసర్లు ఎవరో వస్తారట" అన్నాడు. అని, చెప్పు వారు తెగిందనో ఏమో అక్కడే వంగి కూర్చుని సరిచేసుకోసాగాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మా ఆవిడకు నవ్వాగలేదు. "సోదాకు వచ్చేది ముందే చెప్తా ఉండాడు! ఇట్లాంటోణ్ణి పోలీసులో ఎవరు చేర్చినారండీ?"

"నవ్వొద్దులే. నోటుబుక్కులు ఎక్కడ పెట్టేది చెప్పు" అన్నాను.

మా బావమరిదికి సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలున్నాయి. ఆ వానల్లో వాళ్ళ ఇల్లు కారుతుంటే గుడ్డ మూటలు తెచ్చి మా ముందు గదిలో పడేశాడు. "తలుపు పక్కన ఉండే మూటలో పెట్టి కుట్టేస్తాను. బ్యాండేజీ గుడ్డలో కథ ఉండాదని ఎవురికి తోస్తాది?" అంది ఆవిడ. ఏట్టు అప్పటికీ చెప్పు సవరించుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు జిల్లా నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, నేను రోజూ పొద్దున రాస్తున్నదేమిటో చూడాలంటూ. బీరువా దులిపారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, మా ఆవిడ పట్టుచీరల మడతలు విప్పారు. తర్వాత ముందు గదిలో మూటలు ఒక్కొక్కటే విప్పించడం మొదలుపెట్టారు. గది నిండా తెల్లటి గుడ్డ. నేను గోడ మీది క్యాలెండరులో తేదీలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఏట్టు మాత్రం వచ్చినప్పటినుంచి తలుపు పక్కన మూట మీద చతికిలబడి కాఫీ తాగుతున్నాడు. సరిగ్గా ఆ మూట మీదే. ఆఫీసర్లలో పెద్దాయన చూసి, "యోవ్, ఎందిరియ్యా!" అని కసిరాడు. లేవయ్యా అని.

"మూట్టు వలి సార్" అన్నాడు ఏట్టు, మోకాళ్ళు పట్టుకుని. కీళ్ళ నొప్పి అని. లేవడానికి ప్రయత్నించి, ఏడుపు మొహం పెట్టి, మళ్ళీ కూలబడ్డాడు. ఆఫీసరు అందరి ముందూ అతణ్ణి నానా మాటలూ అన్నాడు. తిండిపోతు అన్నాడు, మొద్దు అన్నాడు, ఇంకా అచ్చులో పెట్టలేనివి అన్నాడు. ఏట్టు తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి విసుగెత్తి వాళ్ళు వెళ్ళిపోయారు.

వెతుకుతున్న నవల మీదే కూర్చున్న పోలీసు! ఏ రచయితకు దొరుకుతుంది ఇలాంటి అదృష్టం? ఆ వారంలోనే అదంతా పన్నెండో అధ్యాయంగా రాసేశాను. కాఫీ, మోకాళ్ళు, ఏడుపు మొహం, ఏదీ వదల్లేదు. సాయంత్రం అరుగు మీద చదివాను. మా ఆవిడ ఆకు దూయడం మానేసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఏట్టు మూడు అడుగుల దూరంలో కూర్చున్నాడు. అతనూ నవ్వాడు. మనం నవ్వితే అర్థం కాకపోయినా నవ్వుతాడు పాపం అనుకున్నాం. కొంచెం చిలవలు పలవలు చేర్చి మరో వారం మళ్ళీ చదివాను.

ఆ సోదా తర్వాత అతనికి మెమో ఇచ్చారు, నిర్లక్ష్యమని. ఆ ఏడు భుజం మీదికి రావాల్సిన నక్షత్రం రాలేదు. ఆ సంగతి అతనే తమిళంలో చెప్పాడు. మా ఆవిడ "అయ్యో" అని తమిళంలో అని, నాతో తెలుగులో, "ఇంత తెలివికి నక్షత్రం ఎవురిస్తారు?" అంది. నేను నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నవల చివరి అధ్యాయం పూర్తయిన నెలలోనే ఏట్టు రిటైరయ్యాడు. అతని స్థానంలో ఎవరూ రాలేదు. వీధి మొదట్లో స్తంభానికి ఒక కెమెరా బిగించి మా అరుగు వైపు తిప్పారు. దానికి కాఫీ అక్కర్లేదు. వారం తర్వాత ఒక సాయంత్రం తెల్ల పంచె కట్టుకుని, సంచీ నిండా నిమ్మకాయలతో ఏట్టు వచ్చి ఎప్పటి చోటే కూర్చున్నాడు.

మా ఆవిడ అలవాటుగా నావైపు తిరిగింది. "రిటైరై గూడా కాపీకి వచ్చినాడు చూడండి."

"ఈ పొద్దు కాపీ వద్దక్కా" అన్నాడు ఏట్టు తెలుగులో. "మజ్జిగుంటే ఇయ్యండి."

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. మజ్జిగ రాలేదు, ఆవిడా రాలేదు. నేను కుర్చీలోంచి కదల్లేకపోయాను. ఎనిమిదేళ్ళ మాటలు ఒక్కొక్కటే వరసగా గుర్తొస్తున్నాయి. పొట్ట, గుండీ, పెళ్ళాం, నక్షత్రం. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీకు తెలుగు వస్తాదా?" అని మాత్రం అడగగలిగాను. ప్రపంచంలో అంతకంటే తెలివితక్కువ ప్రశ్న లేదు.

"మా ఇంట్లో తెలుగేనయ్యా. సేత్తూరులో మావోళ్ళంతా తెలుగే. చదివేకి రాదు, అంతే. డ్యూటీకి వేసేటప్పుడు చదివే, రాసే బాష ఏమని అడిగినారు. తమిళం అని చెప్పినాను. అది నిజమే గదా."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు నా ముందర చదవరు. అక్కడ స్టేషన్‌లో చెప్తే, మీరు చదివిందంతా రాసియ్యి అంటారు." నవ్వాడు. "అక్క చెప్పింది తప్పు గాదు. మా ఇంట్లో కాపీ ఇంత బాగుండదు."

మూట సంగతి తిన్నగా అడిగే ధైర్యం లేక మోకాళ్ళ మీదుగా వచ్చాను. "మోకాళ్ళు?"

"మోకాళ్ళకేమి? పోయిన వారం కొండ కాడ అయ్యనార్ కోయిలుకు నడిచే పోయి వచ్చినాను."

"ఎందుకు చేసినావు అట్లా? నక్షత్రం పోగొట్టుకొని?"

అతను నిమ్మకాయల సంచీ ఇటునుంచి అటు జరిపాడు. "కత సగంలో ఉండె గదయ్యా. వాళ్ళు ఎత్తుకొని పోతే మిగిలింది ఎవురు చెప్తారు? చిన్నప్పుడు మా అవ్వ తెలుగులో కత చెప్తా ఉండె. ఆయమ్మ పోయినాక నాకు ఎవురూ చెప్పలే. మీ తిన్నె మీదనే మళ్ళీ విన్నాను."

అక్కడితో ఊరుకోవాల్సింది. అయినా రచయితను కదా, సిగ్గు లేకుండా ఇంకో ప్రశ్న అడిగాను. "పన్నెండో అధ్యాయం విన్నావా?"

"రెండు తూర్లు చదివినారే. మొదటి తూరు బాగుండింది. రెండో తూరు పెంచేసినారు."

అతను వెళ్ళాక మా ఆవిడ బయటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఆ అధ్యాయం మార్చండి" అంది. చెప్పేదేముంది? మర్నాడే కూర్చున్నాను. పది రోజులు పట్టింది. కొత్త పన్నెండో అధ్యాయంలో పోలీసుకు అంతా తెలుసు. తెలిసే ముందురోజు హెచ్చరిస్తాడు, తెలిసే మూట మీద కూర్చుంటాడు, తెలిసే తిట్లు తింటాడు. నా జన్మలో అంత మంచి అధ్యాయం రాయలేదు. ఏట్టుకు కబురు చేసి, అరుగు మీద కూర్చోబెట్టి చదివాను. మా ఆవిడ అడగకుండానే మజ్జిగ తెచ్చి పెట్టింది.

మొత్తం విని ఏట్టు తల అడ్డంగా ఊపాడు. "వద్దయ్యా."

"బాగలేదా?"

"బాగుండాది. అందుకే వద్దు. ఆ సోదాకు వచ్చినోళ్ళు ఇంకా ఉద్యోగంలోనే ఉండారు. పుస్తకం వాళ్ళు చదవరు, అయితే ఎవురో ఒకరు చెప్తారు, పోయిన తూరు మాదిరి. మీ తిన్నె మీద కూర్చున్న పోలీసు నేనొకణ్ణే గదా. నన్ను పిలుస్తారు, పెన్షన్ నిలుపుతారు. నన్ను ముట్టాళుగానే, మొద్దుగానే ఉండనీండి. మొదట రాసిందే వేయండి."

నేను వాదించాను. నలభై ఏళ్ళుగా ఎవరు చెప్పినా ఒక్క వాక్యం మార్చలేదన్నాను. నిజానికి కట్టుబడినవాణ్ణని, నన్ను ప్రభుత్వమే వంచలేకపోయిందని చాలా గొప్పలు చెప్పుకున్నాను. అతను ఓపిగ్గా విని, మజ్జిగ తాగి, "నేను పోయినాక కావాలంటే రాసుకోండి" అన్నాడు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు. అతనికంటే ముందు నేనే పోతానని లెక్క వేసుకుని సరేనన్నాను. కొత్త అధ్యాయాన్ని మడిచి బీరువాలో పెట్టాను. నా మొత్తం రాతలో నేను ఒప్పుకున్న సెన్సారు అదొక్కటే, చేసినవాడు పోలీసు.

పుస్తకం వచ్చింది. ప్రచురణకర్త ఫోన్ చేసి, "పన్నెండో అధ్యాయం అదిరిపోయిందండీ! ఆ మొద్దు పోలీసు ఎంత సహజంగా ఉన్నాడో! నిజంగా చూసి రాసినట్టుంది" అన్నాడు. స్పీకరులో ఉంది. మా ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. "కల్పనేనండీ" అన్నాను. ఆ రోజు అబద్ధం చెప్పలేదు నేను.

ఆ తర్వాత కూడా ఏట్టు వారానికోసారి వచ్చేవాడు. నా వేళ్ళు పూర్తిగా బిగుసుకుపోయాయి, కొత్తగా రాసిందేమీ లేదు, అందుకని పాత పుస్తకాలు చదివేవాణ్ణి. నీళ్ళ ట్యాంకు నవల విని, "దీనికా నన్ను ఎనిమిదేళ్ళు కూర్చోబెట్టినారు!" అని పడీపడీ నవ్వాడు.

పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, సేత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున పొలానికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నవాడు లేవలేదట. మేమిద్దరం వెళ్ళాం. ఆ ఇంట్లో ఏడుపులన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఒక్కొక్క మాటా నాకు అర్థమవుతుంటే తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను. అతని భార్య మా ఆవిడ చేతులు పట్టుకుని, "నీ కాపీ గురించే చెప్తా ఉండెనక్కా" అంది.

చనిపోయినవాణ్ణి విచారణకు పిలిచే సెక్షన్ ఇంకా రాలేదని వకీలును అడిగి తెలుసుకున్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను. వేళ్ళు కదలవు కాబట్టి నేను చెప్తుంటే టైపు చేయించాను. అతను మొద్దు కాడు. మా అరుగు మీద ఆ ఎనిమిదేళ్ళూ మొద్దులు ఇద్దరే, నేనూ మా ఆవిడా.

నిన్న సాయంత్రం అయిదింటికి దీన్ని అరుగు మీద కూర్చుని చదివాను. మా ఆవిడ చేట ముట్టుకోలేదు. మళ్ళీ ఒకసారి చదవమంది. చదవలేదు. రెండో తూరు పెంచేస్తాను.